మిగిలిన ఆరు శాతం

కుప్ప నడిబొడ్డులోంచి పైకి లాగిన ఇనప ఊచను పట్టుకోగానే నీరజ అరచేయి చుర్రుమని కాలింది.

ఆమె ఊచను వదల్లేదు. వదలాలని తోచలేదు.

"మేడం గారూ, చెయ్యి!" అంటూ యార్డు చూసుకునే క్రాంతికుమారే దాన్ని లాక్కుని అవతల పారేశాడు.

నీరజ అరచేతిని చూసుకుంది. అడ్డంగా ఒక ఎర్రటి చార తేలింది. అది వేరెవరి చెయ్యో అయినట్టు కాసేపు చూసి కిందికి దించేసింది. చందర్లపాడు యార్డు తగలబడి ఇవాళ్టికి నాలుగో రోజు. ఆ సోమవారం నుంచి ఆమెకు ఏదీ సూటిగా తగలడం లేదు. ఆకలి, నిద్ర, మొగుడి అరుపులు, అన్నీ పక్కింట్లో జరుగుతున్నట్టే ఉన్నాయి.

"ఎంతసేపు ఉంచావు ఊచని?"

"అరగంటండి. మీరు ఫోన్లో చెప్పినట్టే. నడిమిట్లోకి, తొమ్మిదడుగులు దింపా."

పెనుగంచిప్రోలు యార్డులో ఆ కుప్ప ఒక మేడంత ఉంది. చేలల్లో పీకేసిన పత్తికట్టెని రైతుల దగ్గర కొని, మిషన్లో వేసి ముక్కలు కొట్టించి, పోగుపోసి, పైన నీలం పరదా కప్పి తాళ్ళతో బిగించారు. బొగ్గుకి బదులు కాల్చడానికి సిమెంటు ఫ్యాక్టరీకి రోజూ పంపాల్సిన సరుకు. పత్తి మళ్ళీ చేతికొచ్చేదాకా, అంటే వానాకాలమంతా, ఈ కుప్పలే ఫ్యాక్టరీ పొయ్యికి మేత. ఒకచోట పెడితే ఒక్క దెబ్బకి పోతుందని నీరజే మూడు చోట్ల పెట్టించింది. చందర్లపాడు, పెనుగంచిప్రోలు, నందిగామ. ఒకటి పోయినా మిగతా రెండూ ఆదుకుంటాయని ఆమె లెక్క.

ఒకటి పోయింది. ఇది రెండోది.

"నందిగామలో కూడా ఊచ దింపించా పొద్దున," అందామె. "చల్లగా వచ్చింది."

"అయితే ఇక్కడ ఎవరో నిప్పు పెట్టారంటారా?"

"నువ్వు పెట్టావా?"

"నేనెందుకు పెడతానండీ బాబూ!"

"గేటు తాళం?"

"నా మొలతాడుకే ఉంది. స్నానానికి కూడా తియ్యను. మా ఆవిడ నవ్వుద్ది."

"మరి తొమ్మిదడుగుల లోపలికి దూరి నిప్పెవరు పెడతారు క్రాంతీ?"

క్రాంతికుమార్ ముఖంలో ఆ మాట మెల్లగా దిగడం నీరజకు కనిపించింది.

"అంటే... మా పెదనాన్న కూడా పెట్టలేదన్నమాట."

అతని పెదనాన్న ఏలీయా, చందర్లపాడు యార్డు బాధ్యుడు. కాలిన కాళ్ళతో నందిగామ ఆసుపత్రిలో పడి ఉన్నాడు. బీడీ తాగి కుప్పకి నిప్పంటించాడని అతని మీద ఫిర్యాదు తయారైంది. సాయంత్రం అయిదింటికి దాని మీద సంతకం పెట్టాల్సింది నీరజ భర్త అవినాష్.

నీరజ వంగి ఊచ కొసకి అంటుకున్న ముక్కల్ని గోటితో గీకింది. నల్లబడి, మెత్తగా, ఉడికిన దాణా వాసన వేస్తున్నాయి. వేళ్ళ మధ్య నొక్కితే తడి వచ్చింది.

"ఎండిన ముక్క ఎన్నాళ్ళున్నా ఏమీ కాదు. తడిసిన ముక్కని ఊపిరాడకుండా కప్పి పెడితే కుళ్ళి వేడి పుడుతుంది. వేడికి పోయే దారి లేక ఎక్కుతూనే ఉంటుంది. ఇక్కడ వాన పడిందా?"

"ఉగాది పోయాక చుక్క పడలేదండి."

"వారం వారం తేమ మీటరు గుచ్చుతున్నావుగా?"

"గుచ్చుతున్నానండి. తొమ్మిది, తొమ్మిదిన్నర. అంచుల్లోనే గదా చెయ్యి అందేది."

"మరి లోపల ఈ తడి ఎక్కడిది?"

క్రాంతికుమార్ కాళ్ళ వైపు చూశాడు. తర్వాత గేటు వైపు. తర్వాత మళ్ళీ కాళ్ళ వైపు.

"క్రాంతీ."

"ట్యాంకరు వచ్చిందండి. రెండుసార్లు. దుమ్ము లేస్తంది, పైపైన కొట్టమన్నారు అన్నాడు డ్రైవరు. నేను పరదా విప్పి ఇచ్చా. మీకు తెలిసే అనుకున్నా."

"ఎవరు పంపారు?"

"షావుకారు గారు పంపారన్నాడు."

"ఏ షావుకారు గారు? మా మావయ్యా, మా ఆయనా?"

"అది అడగలేదండి. షావుకారు అంటే ఇంక అడిగేదేముంది?"

నీరజ ఫైర్ స్టేషన్‌కి ఫోన్ చేసింది. ఆ తర్వాత అవినాష్‌కి చేసింది. "ఫోన్లో ఏమీ మాట్లాడకు, ఇంటికి రా" అని కట్ చేశాడతను. మళ్ళీ చేస్తే ఎత్తలేదు.

బండి ఎక్కబోతూ ఆమె వెనక్కి తిరిగింది.

"ఫైరింజన్ వచ్చి పైపులు పట్టుకుని నిలబడేదాకా పరదా అంచు కూడా లేపకు. ఎవరు చెప్పినా సరే. గాలి తగిలిందంటే భగ్గుమంటుంది."

"మీరు చెప్పినా లేపనండి," అన్నాడు క్రాంతికుమార్.

*

నందిగామ ఆసుపత్రిలో మగవాళ్ళ వార్డు చివరి మంచం మీద ఏలీయా ఉన్నాడు. మోకాళ్ళ కింద నుంచి రెండు కాళ్ళూ తెల్లటి కట్లే. భార్య దేవమణి పక్కన కూర్చుని అట్టముక్కతో ఈగల్ని తోలుతోంది.

నీరజని చూసి కూడా అట్ట ఆపలేదు.

"రామ్మా నీరజమ్మా. సాయంత్రం పోలీసులొస్తారంటగా. వాళ్ళకంటే ముందు నువ్వొచ్చావు, మంచిదే."

"ఊరుకో దేవమణీ," అన్నాడు ఏలీయా.

"ఊరుకునే గదా ఇందాకా వచ్చింది? బాప్తిస్మం తీసుకుని పద్దెనిమిదేళ్ళు. ఆనాటి నుంచి బీడీ ముట్టలా ఈ మనిషి. చర్చిలో అందరికీ తెలుసు. మీ ఇంటాయనకి తెలీదా? ఆ కాయితంలో బీడీ అని రాసేటప్పుడు చెయ్యెట్టా ఆడింది?"

నీరజకు కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. పక్క మంచం కింద ఖాళీగా ఉన్న స్టీలు క్యారియర్ కనిపిస్తే దాని గిన్నెలు లెక్కపెట్టింది. నాలుగు.

"ఏలీయా గారూ, నిప్పు మీరు పెట్టలేదని నాకు తెలిసింది," అందామె. "పెనుగంచిప్రోలు కుప్ప కూడా లోపల మగ్గుతోంది. ఎవరూ పెట్టలేదు. తడి వల్ల పుట్టింది."

దేవమణి అట్ట ఆగింది.

ఏలీయా కళ్ళు మూసుకున్నాడు. "తెలిస్తే చాలమ్మా."

"చాలదు. స్టేషన్లో చెప్పడానికి నాకు మీ మాట కావాలి. ట్యాంకరు మీ యార్డుకీ వచ్చిందా?"

"వచ్చింది."

"ఎవరు పంపారు?"

ఏలీయా ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు.

"పోనీ, సోమవారం మంటలు లేచినప్పుడు యార్డులో మీతో పాటు ఎవరున్నారు?"

పైన ఫ్యాను టకటకమని కొట్టుకుంటోంది. ఎవరో నర్సు వచ్చి, సెలైన్ చూసి వెళ్ళింది. ఏలీయా గోడ మీద పెచ్చు ఊడిన చోటునే చూస్తున్నాడు.

"కుప్ప దానంతటదే మగ్గితే మీ కాళ్ళు కాలాల్సిన పని లేదు ఏలీయా గారూ. పొగ చూసి దూరంగా ఉండాలని మీకు తెలుసు. నేనే చెప్పా మీకు. మీరు లోపలికి ఎందుకు వెళ్ళారు?"

"వెళ్ళానమ్మా. అంతే."

"చెప్పయ్యా!" దేవమణి మంచం పట్టె మీద గుద్దింది. "చెబితే నీ నోరేం అరిగిపోద్ది? జైల్లో నీ కట్లు ఎవరు మారుస్తారు? ఈ మనిషి నాలుగు రోజుల నుంచి ఇంతేనమ్మా. మాటిచ్చానంటాడు. ఎవరికిచ్చావంటే గోడ చూస్తాడు."

నీరజ అతని వైపు తిరిగింది. "మాటిచ్చారా?"

ఏలీయా భార్య వైపు ఒకసారి చూశాడు. కసరబోయి ఊరుకున్నాడు. తర్వాత నీరజ వైపు తిరిగాడు.

"పెద్ద షావుకారు గారు ఎట్టా ఉన్నారమ్మా?"

"మావయ్యా? బాగానే ఉన్నారు. ఏం?"

"ఊరికే. వయసులో పెద్దాయన గదా."

"నీ కాళ్ళు కాలితే ఆయన్ని పరామర్శిస్తావేందయ్యా!" అంది దేవమణి. అంటూనే కొంగు నోటికడ్డం పెట్టుకుని అటు తిరిగిపోయింది.

నీరజ లేచింది. టైము పన్నెండున్నర.

*

జగ్గయ్యపేటలో నీరజ మామగారు సుబ్బరాయుడు గారి ఇల్లు కింద కొట్టు, పైన కాపురం. కొట్టు మూసి ఏడాదిన్నరయింది. నలభై ఏళ్ళు మిరపకాయలు కొని అమ్మిన ఆ కింది గదిలో ఇప్పుడు తూకం కాటాలూ ఖాళీ గోనెలూ తప్ప ఏమీ లేవు. అయినా మెట్లెక్కేటప్పుడు ఇప్పటికీ ముక్కు మండుతుంది.

నీరజ పైకి వచ్చేసరికి సుబ్బరాయుడు అన్నం ముందు కూర్చుని ఉన్నాడు. అత్తగారు వాసవాంబ వడ్డిస్తోంది. అవినాష్ చొక్కా గుండీలు పెట్టుకుంటూ అటూ ఇటూ తిరుగుతున్నాడు. బల్ల మీద నీలం ఫైలు.

"ఏంటి నీ చేతికి?" అన్నాడు అవినాష్.

"ఊచ తగిలి కాలింది. పెనుగంచిప్రోలు కుప్ప కూడా లోపల ఉడుకుతోంది. ఫైర్ స్టేషన్‌కి చెప్పి వచ్చా."

వాసవాంబ చేతిలో పప్పు గరిటె అలాగే ఆగింది.

"అది కూడానా?" అవినాష్ కుర్చీలో కూలబడ్డాడు. "అయిపోయాం."

"ఏలీయా నిప్పు పెట్టలేదండీ. కుప్పలు తడిశాయి. ఎవరో తడిపారు. మీరు ఆ ఫిర్యాదు మీద సంతకం పెట్టడానికి వీల్లేదు."

"తడిపారా? ఎవరు?"

"ట్యాంకర్ పంపింది మీరు కాదా?"

"నేనా!" అతను నిజంగానే తెల్లబోయాడు. "నీకేమైనా పిచ్చా? కొన్న సరుకు మీద నేనెందుకు నీళ్ళు పోయిస్తా?"

నీరజ అతని ముఖంలోకి చూసింది. పదేళ్ళుగా చూస్తున్న ముఖం. అబద్ధం చెప్పేటప్పుడు అతను చెవి తడుముకుంటాడు. ఇప్పుడు చేతులు రెండూ ఒళ్ళోనే ఉన్నాయి.

"అయితే డ్రైవర్ని అడుగుదాం. సాయంత్రంలోగా తేలుతుంది. అప్పటిదాకా ఆగండి."

"ఆగితే?" అవినాష్ లేచాడు. "కాంట్రాక్టులో ఏం రాసుందో నాకంటే నీకే బాగా తెలుసు. బయటివాడో పనివాడో నిప్పు పెట్టాడని కేసుంటే ఫ్యాక్టరీవాళ్ళు రెండు నెలలు గడువిస్తారు. మనం సరుకు సరిగా దాచక తగలబడిందా, ఆ రోజుతో రద్దు. తడిసింది, దానంతటదే అంటుకుంది అని నువ్వు రాసిచ్చావనుకో, మన చేత్తో మనం తాళం వేసుకున్నట్టే."

"అందుకని ఏలీయాని లోపల వేయిస్తారా?"

"లాయర్ని నేనే పెడతా! బెయిలు నేనే ఇప్పిస్తా! నేను వాడికి శత్రువునా? రెండు నెలలు గడువు కావాలి నాకు, అంతే. రెండు నెలల్లో చుట్టుపక్కల ఎక్కడో అక్కడ సరుకు పట్టుకుంటా."

"ఆయన కాళ్ళు నడవడానికి వస్తాయో రావో ఇంకా తెలియదు."

"నాకేం తెలుసు, వాణ్ణి ఎవడు దూకమన్నాడు అందులోకి?"

సుబ్బరాయుడు అన్నం కలుపుతున్నాడు. పప్పు వేసుకుని, కలిపి, ముద్ద చేసి, మళ్ళీ చిదిపి కలుపుతున్నాడు.

"నాన్నా, మీరు చెప్పండి కోడలికి," అన్నాడు అవినాష్. "మిరప కొట్టు మూయించి ఈ పత్తికట్టెలోకి దింపింది ఎవరు? మూడు చోట్ల పెడితే ఏ వానొచ్చినా భయం లేదంది. ఏదీ? రెండు పోయాయి. మిగిలింది ఒకటి."

సుబ్బరాయుడు తలెత్తలేదు. "పోనీలేరా," అన్నాడు. ఎవరినుద్దేశించి అన్నాడో ఎవరికీ తెలియలేదు.

"వాన వల్ల పోలేదు," అంది నీరజ. ఆమె గొంతులో ఎత్తూ పల్లం లేదు. వేరే ఊరి సంగతి చెబుతున్నట్టుంది. "నేను వానకి లెక్క వేశా. లారీలు ఆగిపోతే ఎన్ని రోజులో వేశా. మునేరు పొంగి దారి మూసుకుపోతే ఏ కుప్పలోంచి పంపాలో రాసుకున్నా. ఫ్యాక్టరీవాళ్ళు పదిహేను శాతం తేమ దాకా ఒప్పుకుంటారు. మనం తొమ్మిది దగ్గర ఆపాం. వాన ఎంత పడుతుందో తెలియదు కాబట్టి, పరదా ఎక్కడ చిరుగుతుందో తెలియదు కాబట్టి, ఆ మిగిలిన ఆరూ మనకి తెలియని వాటి కోసం వదిలా. ఎవరో ఆ ఆరుని కూడా నీళ్ళతో నింపేశారు. మీద పోసిన నీళ్ళు సమంగా దిగవు. ఒకచోట పన్నెండుంటుంది, ఇంకోచోట నలభై ఉంటుంది. ఆ నలభై ఉన్నచోటే కాలింది."

"క్లాసు అయిందా?" అవినాష్ ఫైలు చంకలో పెట్టుకున్నాడు. "చందర్లపాడు స్టేషన్‌కి గంటన్నర ప్రయాణం ఉంది."

"సంతకం పెట్టొద్దండీ."

"ఏలీయా వచ్చి నిజం చెప్పమను. ఎందుకు చెప్పట్లేదు వాడు? తప్పు చేయనివాడు నాలుగు రోజులు నోరు మూసుకుని ఉంటాడా? దానికి జవాబు తెచ్చావా?"

నీరజ పక్కకి తప్పుకుంది.

అతను మెట్లు దిగి వెళ్ళిపోయాడు. కారు స్టార్టయిన చప్పుడు, సందులోంచి వెనక్కి తీస్తూ కొట్టిన హారను, ఆ తర్వాత ఏమీ లేదు.

*

వాసవాంబ కంచం తీయడానికి వచ్చింది. కంచంలో అన్నం అన్నంలాగే ఉంది.

"ఇదిగో, ఇది నాలుగో రోజు," అంది కోడలితో. "కలుపుతారు, లేస్తారు. పొద్దుట్నుంచి మూడుసార్లు స్నానం. ఒళ్ళంతా పొగ వాసనట. ఈ ఇంట్లో పొగెక్కడుందండీ అంటే పలకరు. సోమవారం కోదాడ పోయి బేరం చూసుకుని వస్తానని కొత్త పంచె కట్టుకుని పోయిన మనిషి, వచ్చేటప్పుడు లుంగీతో వచ్చారు. పంచె ఏదండీ అంటే కారు డోరులో పడి చిరిగిందన్నారు. ఏ కారు తలుపు మింగిందో మరి."

"వాసూ," అన్నాడు సుబ్బరాయుడు.

"ఏం? అబద్ధమా?"

ఆయన చెయ్యి కడుక్కుని వచ్చి, కిటికీ పక్కన చెక్క కుర్చీలో కూర్చున్నాడు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి. నిరుడు నీరజ తన ప్లాను చూపించినప్పుడు అదే కుర్చీలో కూర్చుని పెద్దగా నవ్వాడు. 'వాన పడొచ్చు, పడకపోవచ్చు అని రాసుకోవడానికి ఇన్ని కాగితాలా అమ్మాయ్? ఒక్క అంకె చెప్పు, ఎన్ని టన్నులు?' అన్నాడు. ఒక్క అంకె చెప్పలేనంది నీరజ. 'ఒక్క అంకె చెప్పలేనిది వ్యాపారం ఎట్టా అవుద్ది?' అని అప్పుడు అందరూ నవ్వారు. నీరజ కూడా.

గోడ గడియారం మూడున్నర దాటింది. ముగ్గురూ అదే గదిలో ఉన్నారు. వాసవాంబ ముందు చిక్కుడుకాయల పళ్ళెం ఉంది. కాయ తీసుకోవడం, ఈనె లాగడం, పక్కన వేయడం. నీరజ ట్యాంకర్ డ్రైవర్ నంబరు కోసం క్రాంతికుమార్‌కి ఫోన్ చేసింది. ఫైరింజన్ వచ్చిందనీ, కుప్ప చల్లబడుతోందనీ, డ్రైవరు ఖమ్మం ట్రిప్పులో ఉన్నాడు, ఫోను కలవడం లేదనీ చెప్పాడతను.

నాలుగు కావస్తోంది.

వాసవాంబ చేతులు ఆగిపోయాయి. తల ఎత్తకుండానే అడిగింది.

"ఏమండీ. మిరపకాయల మీద చల్లినట్టే నీళ్ళు కొట్టించారా?"

నీరజ అత్తగారి వైపు తిరిగింది.

"కొట్లో చూసేదాన్నిగా," వాసవాంబ కోడలికి చెప్పింది, చూపు మాత్రం చిక్కుడుకాయల మీదే ఉంది. "టిక్కీ గోనెల్లోకి కాయ తొక్కే ముందు దాని మీద నీళ్ళు చిలకరిస్తారు. కాయ విరక్కుండా ఉంటుందంటారు. తూకానికీ మంచిదే. బజారంతా చేసే పనే. ఆ పని మీ మావయ్య ఎవరికీ అప్పగించేవారు కాదు. ఎంత చల్లాలో ఆయన చేతికే తెలుసని గొప్ప."

సుబ్బరాయుడు కిటికీలోంచి రోడ్డు చూస్తున్నాడు. ఎర్రబస్సు ఒకటి పోయింది. దాని వెనక ఆటో పోయింది.

"మావయ్యా," అంది నీరజ. "సోమవారం మీరు కోదాడ వెళ్ళారా?"

ఆయన దవడ ఒకసారి కదిలింది.

ఆమెకి ఆసుపత్రి గోడ, ఊడిన పెచ్చు, ఆ గోడ వంకే చూస్తూ ఏలీయా అడిగిన ప్రశ్న గుర్తొచ్చాయి. గుండె జారాల్సింది. జారలేదు. చేతిలో కాలిన చోట మాత్రం, పొద్దుటి నుంచి మొదటిసారి, సలపరం మొదలైంది.

"ఏలీయా మీ గురించే అడిగాడు మావయ్యా. ఎట్టా ఉన్నారని."

సుబ్బరాయుడు కుర్చీ చేతుల మీద బరువు ఆనించి లేవబోయాడు. లేవలేక మళ్ళీ కూర్చున్నాడు.

"నాకు చెప్పక్కర్లేదు," అంది నీరజ. "నాకు చెప్పినా ప్రయోజనం లేదు. సంతకం పెట్టేది నేను కాదు."

"ఫోన్ కలుపు," అన్నాడాయన.

మొదటిసారి అవినాష్ ఎత్తలేదు. రెండోసారి కట్ చేశాడు. మూడోసారి ఎత్తి, "స్టేషన్లో ఉన్నా, ఎస్సై గారి ముందు కూర్చున్నా, మళ్ళీ చెయ్యి" అన్నాడు. నీరజ స్పీకర్ నొక్కి ఫోన్‌ని మామగారి చేతిలో పెట్టింది. ఆయన దాన్ని నోటికి మరీ దగ్గరగా పట్టుకున్నాడు.

"ఒరే అవినాషూ. నేను. కట్ చెయ్యకు. ఎస్సై గారు పక్కనుంటే ఆయన్ని కూడా విననియ్యి. నీళ్ళు కొట్టించింది నేనురా. చందర్లపాడులో రెండుసార్లు, పెనుగంచిప్రోల్లో రెండుసార్లు. నందిగామకి పంపేలోపే ఇది జరిగింది. మీ ఆవిడ తొమ్మిది దగ్గర ఆపింది, వాళ్ళు పదిహేను దాకా పుచ్చుకుంటారు. ఆ మధ్యలో ఆరు తూకానికి రాకుండా ఖాళీగా పడుంటే చూస్తూ ఊరుకోలేకపోయా. ఎవరికీ చెందని సరుకనుకున్నా. ఎందుకు వదిలిందో చెప్పలేదా అంటే చెప్పింది. నేనే వినలా. సోమవారం నేను కోదాడ పోలేదు. బరువెంత కట్టిందో చూద్దామని చందర్లపాడు పోయా. పరదా కింద నుంచి ఆవిరి లేస్తా ఉంది. ఏలీయా అడ్డం పడ్డాడు. అయ్యా, పరదా లేపకండి, మేడం గారు చెప్పారు, గాలి తగిలితే అంటుకుంటది అని చేతులు పట్టుకున్నాడు. నా సరుకు గురించి నువ్వు నాకు చెప్పేదేందిరా అని నేనే కత్తితో తాడు కోశా. ఒక్కసారే లేచింది మంట. నా పంచెకి అంటుకుంది. వాడు దాన్ని పీకి పారేసి, నన్ను ఎత్తుకుని ఆ నిప్పుల మీదుగా నడిచి గేటు బయట పడుకోబెట్టాడు. నా ఒంటి మీద ఒక్క బొబ్బ లేదురా. బయటికొచ్చాక నేను వాడి కాళ్ళు చూసా. చూసి, నేనన్న మొదటి మాట ఏందో తెలుసా? నేనిక్కడికి వచ్చినట్టు ఎవరికీ చెప్పకురా అన్నా. సరే అయ్యా అన్నాడు. నాలుగు రోజులుగా వాడు ఆ మాట మీదే పడుకుని ఉన్నాడు. నువ్వు వాడి మీద కేసు పెడదామన్న పూట నేను ఇక్కడే అన్నం తింటా కూర్చున్నా, నోరెత్తలా. ఇప్పుడు చెప్తున్నా. ఎస్సై గారు రమ్మంటే వస్తా. ఏరా, వింటున్నావా? పలకవేం? ఒరే... సంతకం పెట్టేశావా?"